లైటు చుట్ట

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ ఎదురుగా టీ బండి. సాయంత్రం క్లాసులు వదిలారు. బెంచీ మీద ఈదమ్మ, ఆమె కొడుకు నాగేందర్.

“అమ్మా, జర లోపట పెట్టవే. అందరు చూస్తున్నరు.”

“చూడనీ. కండ్లున్నయ్, చూస్తరు.”

“నా దోస్తులున్నరే ఆడ.”

“ఉంటె పిలువు. చాయ్ తాగుదురు.”

“అది కాదే... రూముకు పోయినంక తాగు. ఇక్కడ ఆడోళ్లు గిట్ల తాగరు.”

“నీకు పాలిచ్చుకుంట గూడ చుట్ట తాగిన్రా. ఊర్ల ఎవ్వడు నోరు తెరవలె. దగ్గు వట్టి దవఖానకు వస్తె డాక్టరమ్మ చుట్ట మానుమన్నది. మానిన. మానినంక పానం గుంజుతుంటె ఈ లైటు చుట్ట తెచ్చిచ్చింది ఎవలు?”

“నేనే. ఇంట్ల తాగుతవనుకున్న.”

“ఇంట్ల తాగేటిది, బజార్ల తాగేటిది యేరేరె ఉంటదా? ఆగు, ఈ పొల్ల ఫోను వట్టుకోని వస్తున్నది.”

“అమ్మమ్మా, ఒక్క ఫోటో తీసుకోనా? ఫేస్‌బుక్‌లో పెడతా. సూపర్‌గా ఉన్నారు!”

“తియ్యి బిడ్డా. ఆగాగు, కొంగు సదురుకోనీ. పొగ గూడ పడాల్నా?”

“ఫోటోలొద్దు చెల్లే. పో, పో ఇక్కడికెల్లి.”

“పాపం ఆ పొల్లను ఎల్లగొడితివి. నువ్వెందుకురా వద్దనుడు? మొఖం నాది.”

“అమ్మా, అగో, ఆ తెల్లంగి ఆయన మన దిక్కే వస్తున్నడు. మాకు పాఠం చెప్పే దక్షిణామూర్తి సారు. నీకు దండం పెడత, దాయవే!”

“దొంగతనం చేసిన్నా, దాయనీకి?”

“ఏమ్మా, ఏంటిది? నడిరోడ్డు మీద సిగరెట్టా? ఈ వయసులో?”

“సిగరెట్టు కాదు సారూ. కరెంటుది. నిప్పు లేదు, బూడిద లేదు. వాసన జూడుండ్రి, పుదీన.”

“ఏదైతేనేం, పొగ పొగే కదా! చుట్టూ చదువుకునే పిల్లలు. ఆడవాళ్లే ఇలా తాగితే వీళ్లేం నేర్చుకుంటారు?”

“ఆ మూలకు మొగపిల్లలు నిజం సిగరెట్లు గుంజుతున్నరు. వాళ్ల పక్కకెల్లే వస్తిరి గద. వాళ్లనేమన్న అన్నరా?”

“వాళ్ల సంగతి వేరు.”

“ఏం యేరు? మీసమా?”

“మాట్లాడటం కూడా తెలీదు. నువ్వేంటయ్యా నాగేందర్, ఇక్కడ కూర్చున్నావ్? ఈవిడ నీకు తెలుసా?”

“నేనా సార్? ఆ... మా ఊరామె సార్. దవఖానకు వచ్చింది. జర... బస్సెక్కియ్యనీకి వచ్చిన.”

“మీ ఊరావిడా?”

“అవున్సార్. ఊరామె. గంతే.”

“సరే, త్వరగా పంపించెయ్. ఇలాంటివాళ్లతో కనిపిస్తే నీ పేరే పాడవుతుంది.”

“నిజమే సారూ, ఊరామెనే. ఊర్ల నాట్లేసుకోని బతికేదాన్ని. ఆకలైనప్పుడల్ల చుట్ట ముట్టిచ్చేది. ఆకలి సచ్చేది, బువ్వ పిల్లగానికి మిగిలేది. గట్ల అలవాటైంది.”

“అయ్యో... పిల్లాడు ఏం చేస్తున్నాడమ్మా?”

“సదువుతున్నడు సారూ. మీ అసుంటి పెద్దోళ్ల కాడ. మంచిగనే నేర్పిన్రు. వస్త మరి. బస్సు యాడ ఆగుతదో నేనే అడుక్కుంట.”

“ఆగవే... యాడికి? అమ్మా! ఓ అమ్మా!”

“ఎవలకు అమ్మను? ఈ సారు ముంగట చెప్పు.”