నర్సింలును భుజాల మీద మోసిన రోజు

నర్సింలు ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చాడంటే సౌదీలో బతా బజారులోని ఆ మెస్సులో శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ తొందరగా లేవరు. ఆ కాలి గురించి ఎవరో ఒకరు అడుగుతారు, ఆయన మొదలుపెడతాడు. ఆ రోజు అడిగింది కొత్తగా వచ్చిన రాము.

లింబాద్రి మాత్రం కథ కోసం రాలేదు, కాగితం కోసం వచ్చాడు. నితాఖాత్‌లో అంటే సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలన్న లెక్కలో, అతనూ నర్సింలూ పనిచేసే కంపెనీ ఎర్రరంగు జాబితాలో పడింది. ఇకామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులు, ఇక రెన్యువల్ కావు. వేరే కంపెనీ తీసుకుంటానన్న కాగితం రేపు పొద్దుటికల్లా తెచ్చినవాడు ఉంటాడు, తేనివాడు ఫైనల్ ఎగ్జిట్ మీద సంతకం పెట్టి దేశం విడిచి పోతాడు. వాళ్లు మునుపు రంగుల పని చేసిన, విదేశీయులుండే ధహ్రాన్ కాంపౌండ్‌లోని మిక్ సాబ్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు తనకు తెలిసిన కంపెనీలో చెప్పి ఇద్దరికీ కాగితాలు ఇప్పిస్తాడని నర్సింలు నెల రోజులుగా చెబుతున్నాడు. ఆ మాట పట్టుకునే లింబాద్రి, పోయిన వారం అల్ ఖర్జ్ పాలఫారం వాళ్లు రమ్మంటే రానన్నాడు.

"చాయ్ తాగనియ్యి లింబన్నా, కాగితం ఏడికి పోతది?" అని నర్సింలు రాము వైపు తిరిగాడు.

"కాలా? ఆట మీద పోయింది తమ్మీ. ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాలు. బంతి గుండ్రంగుండదు, కోడిగుడ్డు లెక్కుంటది. కాంపౌండ్ల మైదానం అంచుకు గోడకు రంగేస్తున్న, బంతొచ్చి నా డబ్బా పక్కన వడ్డది, వాళ్లకిద్దామని ఊకెనే తన్నిన, అంతే, నాలుగు కంబాల నడిమికెల్లి పోయింది! గోల్ చూసే తెల్లకోటాయన రెండు జెండాలు ఊపిండు. ఆరు పాయింట్లు! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?"

"మిక్ సాబ్ ఉరికొచ్చి నా బ్రష్ గుంజుకున్నడు. 'నర్సిం, నీ చెయ్యి గాదు, నీ కాలు గావాలె' అన్నడు. తెల్లారే కాంట్రాక్టు!"

"ఇకామాలో ఏం పని రాసినారప్పా?" అన్నాడు మెస్సు నడిపే చాంద్ బాషా, కడప మనిషి.

"పెయింటరనే ఉండె. మార్చుతమంటే నేనే వద్దన్న. ఇగ ఇనుండ్రి, ఆ ఆటల ఎదుటోని వీపెక్కి బంతి వట్టొచ్చు, రూలున్నది. ఏడడుగులోని భుజం మీద కాలు వెట్టి ఎగిరిన. మీదికెల్లి చూస్తే బహ్రెయిన్ బ్రిడ్జి కనవడ్డది. ఎట్లన్న గాల్లనే ఉన్న గద అని ఆడికెల్లే తన్నిన. బంతి బ్రిడ్జి దాటి పక్క దేశంల వడ్డది. దానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా లేకపాయె, ఆడి పోలీసోడు పట్టుకున్నడు! ఇడిపియ్యనీకి మిక్ సాబ్ మూడు దినాలు తిరిగిండు."

మెస్సంతా నవ్వింది. లింబాద్రికీ నవ్వొచ్చింది, వచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఆ తర్వాత మెల్బోర్న్ తీస్కపోయిండ్రు. లక్ష మంది జనం. పద్నాలుగేండ్లు ఆడిన, మూడు వందల మ్యాచులు."

"నువ్వు సౌదీకొచ్చి ఏడేండ్లే గదనే?" అన్నాడు రాము.

"మనకు ఎండకాలమైతే వాళ్లకు చలికాలం. ఏడాదికి రెండేండ్లొస్తయి. ఆఖరి మ్యాచుల కాలు ఇరిగింది, ఇరిగిన కాలుతోనే గోల్ గొట్టిన. పెద్ద ఆటగాడు ఆట చాలిస్తే తోటోళ్లు భుజాల మీద ఎత్తుకొని మైదానం దాటిస్తరు, అది వాళ్ల రివాజు. నన్ను గూడ ఎత్తుకున్నరు. లక్ష మంది లేచి చప్పట్లు గొట్టిండ్రు. ఎదుటి టీమోళ్లు గూడ ఏడ్చిండ్రు!"

"ఎత్తుకున్నది నిజమే," అన్నాడు లింబాద్రి. గ్లాసు కింద పెట్టాడు. "కుడిభుజం నాది, ఎడమభుజం మనతోటి పెయింటర్ అంజన్నది. మ్యాచుకు ముంగట కాంపౌండ్ల కంబానికి రంగేస్తుంటే నిచ్చెన జారి వడ్డవు. గేటు దాకా మేమిద్దరమే మోసినం. గేటు దాటకముందే వాళ్ల ఆట షురువైంది, ఆ చప్పట్లు దానికి. నీ ఎంట వచ్చింది మిక్ సాబ్ ఒక్కడే. 'ఏం అవసరమున్నా నా తానికి రా' అన్నడు. అది నా చెవులతోని విన్న. అందుకే నమ్మిన. కాగితమియ్యి."

నర్సింలు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"మిక్ సాబ్ లేడే. నౌకరి చాలించి వాళ్ల దేశం పోయిండు."

"నీకెప్పుడు ఎరుక?"

"పాలఫారమోళ్లు నిన్ను పిలిచిన దినమే. ఫోన్ చేస్తే ఆయన జాగల వచ్చిన కొత్తోడు ఎత్తి చెప్పిండు."

ఒకే గదిలో ఏడేళ్లు పక్కపక్కన పడుకున్న మనిషి. బంతి గురించి ఎన్ని కోతలు కోసినా లింబాద్రి నవ్వి ఊరుకున్నాడు. కాగితం కూడా కోతేనని ఒక్కసారైనా అనుమానించలేదు.

"ఆ దినమే చెప్తే అల్ ఖర్జ్ పోదును గదనే! ఎందుకు చెప్పలే?"

నర్సింలు లింబాద్రి ముఖంలోకి చూశాడు.

"ఈడ అందరు నా మాట ఇని నవ్వెటోళ్లే. నమ్మినోనివి నువ్వొక్కనివే ఉంటివి లింబన్నా."

లింబాద్రికి కొట్టాలన్నంత కోపమొచ్చింది. చెయ్యి మాత్రం లేవలేదు.

ఇందాకటి అలవాటు మీద రాము నోరు జారాడు. "ఆ తర్వాత ఏమైంది?"

"రేపు ఎనిమిదింటికి ఆఫీసుల ఎగ్జిట్ మీద సంతకం పెడ్తం, ఇద్దరం," అన్నాడు లింబాద్రి. "మా ఆట గూడ అయిపోయింది తమ్మీ. ఎవ్వలు ఎత్తుకోరు. నడుసుకుంటనే పోవాలె."