వెనకసీటు పథ్యం

ఒహాయోలో ఒక శాండ్‌విచ్ కొట్టు ముందు కారాగింది. ముందు డార్లీన్, ఆమె భర్త వెర్నన్; వెనకసీటు నిండా వాళ్ల బొద్దు కుక్క. కొట్టువాళ్ల పోషకాల పట్టిక చదువుతూ డార్లీన్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

“వెర్నన్, నీ గుండె ఆపరేషనయ్యాక ఆర్నెల్లుగా ఈ కాల్చిన చికెన్ శాండ్‌విచ్చే తినిపించాను. దీన్లో చిన్న హాంబర్గర్‌కు రెట్టింపు ఉప్పుందట! పథ్యమని నిన్ను ఉప్పుపాతరేశాను.”

“ఏడవకు బంగారం. డాక్టరు నా బీపీ భేషన్నాడుగా?”

“అదెలా?”

“రొట్టె, ఆకులు నేను తిన్నాను. నువ్వటు తిరగ్గానే కోడిముక్క వెనకసీటుకి…”

కుక్క తోకాడించింది.

“అందుకా దీని ఒళ్లు తగ్గించమంది పశువుల డాక్టరు!”

“అంత ప్రేమగా కొనిస్తుంటే రుచి లేదని ఎలా చెప్పను?”

ఆమె కళ్లు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది.

“ఇంటికి పద. ముగ్గురికీ ఉప్పులేని సూపు కాస్తాను.”

“నా ప్రాణం కాపాడింది కదా, పాపం దానికెందుకే ఆ శిక్ష?”