సాఫు ప్రతి

పత్రికలో అచ్చయిన భర్త ఇంటర్వ్యూను ఆమె గట్టిగా చదువుతోంది. రచయితగారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని వింటున్నారు.

"'రోజూ ఐదింటికే లేచి రాసుకుంటాను. ఆ వేళ మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది.'"

"నిజమేగా?"

"నిజమే. ఎనిమిదింటిదాకా కుక్కర్ కూయకూడదు, కుళాయి తిప్పకూడదు, పిల్లలకి దగ్గొస్తే దుప్పట్లో దగ్గాలి. ఇల్లు తనంతట తనే నోరు మూసుకుందనుకున్నారు పాపం."

"వెటకారం ఆపి చదువు."

"'మీ కథలకి అంత మంచి ముగింపులు ఎలా కుదురుతాయి?' అంటే, 'వాటంతటవే వస్తాయి' అన్నారు."

ఆయన కళ్లు తెరిచారు.

"ఏదో మాటవరసకి అన్నాన్లే."

"మీ కొట్టివేతల కాగితాలు సాఫు రాస్తూ, ఆఖరి పేజీ తీసేసి కొత్తది రాస్తున్నది ఇరవై ఏళ్లుగా నేను. 'మా ఆవిడ కూడా ఓ చెయ్యి వేస్తుంది' అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఇంటి సంగతులు పత్రికలవాళ్లకెందుకే? సరేగానీ, కొత్త కథ సాఫు రాశావా? ఎడిటర్‌గారు ఇవాళే పంపమన్నారు."

"బల్లమీదుంది. మీరు రాసింది రాసినట్టే దించాను. ఒక్క అక్షరం మార్చలేదు."

ఆయన గబగబా ఆఖరి పేజీ తీసి చదివారు. మళ్లీ చదివారు. తన సాఫు ప్రతిని ఆయన చదవడం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

"ఇదేంటి, ఇంత చప్పగా ఆగిపోయింది? ముగింపేదీ?"

ఆమె పత్రిక మడిచి ఆయన ఒళ్లో పెట్టింది.

"కాసేపు కూర్చోండి. దానంతటదే వస్తుంది."