మనం అంటే ఎవరు

అధ్యక్షులు రంగనాథం గారికి, ముందు వరసలోని పెద్దలకు, నా మనవరాలు కీర్తికతో కలిసి చదివి ఇవాళ తలుపు దగ్గర నిలబడిన పిల్లలకు నమస్కారం. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

కళాశాల విద్యార్థి సంఘం అధ్యక్షురాలిగా కీర్తిక పదవి ముగిసిందని మన తెలుగు సంఘం శాలువా కప్పింది. సంతోషం. మూడేళ్ళు సేవ చేసిందని అధ్యక్షులు అన్నారు. రెండేళ్ళే. లేని ఏడాదిని ఆమె ఖాతాలో వేయకండి. (నవ్వులు) ఉన్న రెండేళ్ళకే పిల్ల అలిసిపోయింది. చూస్తూ కూర్చున్న నేనూ అలిసిపోయాను.

ఈ నాయకత్వం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమన్నారు. ఒక్క మాట నుంచి వచ్చింది. చిన్నప్పుడు ఒకనాడు ఈ పిల్ల, ముదలియార్‌పేటలోని మా బట్టల అంగట్లో పనిచేసే మునుసామి ముందు నిలబడి, "అన్నా, రేపు మేము వీరాంపట్టినం తేరుకు పోతాండాము!" అని గొప్పలు పోయింది. నేను ఊరుకోలేదు.

"ఏందే, మనిషి ఎదురుగా ఉండంగా 'మేము' అంటావు? ఆయన్ని బయట పెట్టి తలుపేసినట్టుండాది. 'మనం' అను. అన్నాక పిల్చుకోని పోవాల" అన్నాను.

మరునాడు మునుసామి మా కారులోనే వచ్చాడు. దారి పొడుగునా ముడుచుకుని కూర్చున్నాడు, పాపం. గుడి తేరు కదిలినప్పుడు మాత్రం పిల్లను భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

తరవాత ఈమె కళాశాలలో చేరింది. వీరాంపట్టినం వైపు వెళ్ళే కళాశాల బస్సును ఆపేశారు. అక్కడి పిల్లలు 'మాకు బస్సు లేదు' అని ఇంగ్లీషులో రాసిన అర్జీ మీద ఈమే మొదటి సంతకం పెట్టింది. ఆ భాషలో 'మేము'కూ 'మనం'కూ ఒకటే మాట గదా. "మీ ఇల్లు నటేశన్ నగర్. మీ బస్సు నడుస్తూనే ఉంది. మరి బస్సు లేనివాళ్ళలో నువ్వెట్లా చేరావు?" అని ప్రిన్సిపాల్ అడిగారట.

ఇంటికొచ్చి, "అవ్వా, ఆయన అడిగింది నిజమే. 'మనం' అనేసి నేను మాత్రం బస్సెక్కితే యాడ బాగుంటుంది?" అంది. ఆ బస్సును తిరిగి వేసేదాకా వాళ్ళతోపాటు నడిచింది. మరుసటి ఎన్నికల్లో వీరాంపట్టినం పిల్ల సరణ్య ఈమె పేరు ప్రతిపాదించింది. తల దించుకోకమ్మా సరణ్యా, మంచి పనే చేశావు.

పదవి వచ్చాక అందరూ ఆ మాట నేర్చుకున్నారు. "హాస్టల్ నీళ్ళ సంగతి మనం చూడాల" అనేవారు, చూసేది కీర్తిక. "ఫీజు గడువు మనం అడగాల" అనేవారు, ఆఫీసు ముందు ఎండలో నిలబడేది కీర్తిక. చివరి సెమిస్టరులో ఒక పేపరు తప్పింది. పొగడ్తల్లో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

రంగనాథం గారూ, ఇందాక మీరు "మనం యువజన విభాగం పెడదాం, కీర్తిక కార్యదర్శి" అన్నారు. చప్పట్లు బాగా మోగాయి. కొట్టినవాళ్ళలో ఈమెతో కలిసి పనిచేసేవాళ్ళు చేతులెత్తండి.

(ఒక్క చెయ్యీ లేవలేదు)

చూశారుగా. నిన్న ఈ పిల్ల నా దగ్గర కూర్చుని, "అవ్వా, ఆ రంగనాథం తాత కార్యదర్శిగా ఉండమంటే నేను కాదనలేను. నువ్వే చెప్పెయ్" అంది. పెద్దల మాట కాదనకూడదని కూడా నేనే నేర్పాను మరి. తప్పిన పేపరు రాసుకుని, ఈ ఏడాదైనా తన చదువు తను చదువుకోవాలని ఈమె ఆశ. అయినా నేను చెప్పను. ప్రతి సభకూ వచ్చి ఈమె బదులు కాదనే ఓపిక నాకు లేదు. ఎన్నాళ్ళుంటానో కూడా తెలియదు. కీర్తికా, లే. మైకు అక్కర్లేదు. తాతకు నువ్వే చెప్పు.

(కీర్తిక లేచి నిలబడింది)

"వద్దు తాతా... నేను చదువుకోవాల."

గట్టిగానే చెప్పింది. ఇంట్లో నా ముందు కూడా ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. రంగనాథం గారూ, తల ఊపారు, చాలు, మీరు పెద్దవారు. శాలువాకూ, ఓపిగ్గా విన్నందుకూ మీ అందరికీ కృతజ్ఞతలు. నేను వెళ్ళి పిల్ల పక్కన కూర్చోవాలి. సెలవు.