క్యాలెండర్ మీది కాలేజీ

బూర్గంపాడులో ఆదివారం ఆరాధన ముగిశాక ఆటో నడిపే లూకా నేరుగా డేవిడ్ సారు ఇంటికి వచ్చాడు. డేవిడ్ బడిలో పంతులు, సంఘంలో పెద్ద. లూకా పెద్దకూతురికి ఖమ్మంలో నర్సింగ్ కాలేజీ చెప్పింది ఆయనే.

"వందనాలు సారూ. చిన్నదాని ఇంటర్ అయిపోయింది. దీన్ని ఏ కాలేజీల ఎయ్యమంటరు?"

"పెద్దది ఎట్ల చదువుతుంది?"

"చదువుతుంది. ఆ కాలేజీకి దవాఖానా లేదంట సారూ. బొమ్మకే సూది గుచ్చి నేర్సుకుంటుండ్రంట."

"మరి నాకు చెప్పవేందయ్యా?"

"మీరు చెప్పిన కాలేజీకి వంక పెడితే బాగుంటదా? మీ గోడకున్న క్యాలెండరే మేం గూడ తెచ్చి పెట్టుకున్నం."

ఆ క్యాలెండర్ మీద పైన బైబిలు వాక్యం, కింద ఆ నర్సింగ్ కాలేజీ బొమ్మ. డేవిడ్ ఆ కాలేజీని చూసింది ఆ బొమ్మలోనే.

"మరి మీ బిడ్డ ఆరాధనమ్మను ఏడ ఏసిండ్రు సారూ?"

"హైదరాబాద్‌ల."

"అక్కడ మనోళ్లున్నరా?"

"ఎవరూ లేరు. నేనూ, మా ఆమే నాలుగు కాలేజీలు తిరిగి చూసి..."

లూకా క్యాలెండర్ వైపు చూసి, తల దించుకున్నాడు.

"రేపు బడికి సెలవు పెడ్త లూకా. పొద్దుగాల బస్సుకు ఖమ్మం పోదాం. కళ్లతో చూసినంకనే చెప్తా."

"మంచిది సారూ. ముందుగాల పెద్దదాని కాలేజీకి పోదాం. మీరు అది గూడ చూసినట్టైతది."