భార్య సంతకం

బీమా ఆఫీసు కౌంటరు. గాజుకి అవతల గుమాస్తా. ఇవతల డ్రైవింగ్ స్కూలు మాస్టారు, ఆయన భార్య.

"మీరు ఎంత అరిచినా అంతే సార్. రూలు రూలే."

"అరవక ముద్దు పెట్టుకోనా? పోయినసారి వచ్చినప్పుడు ఏమన్నావయ్యా? 'క్యాన్సరని ప్రోస్టేట్ తీసేశాక నరాలు కోలుకోవడానికి టైము పడుతుంది మాస్టారూ, అప్పుడే మగతనానికి ఇంప్లాంట్ అంటే ఎలా, ఏడాది ఆగి రండి' అన్నావా లేదా?"

"అన్నాను."

"ఆగాను. మాత్రలు మింగమన్నారు, మింగాను. పంపు వాడమన్నారు, వాడాను. సూదిమందన్నారు. ఆ సూది ఎక్కడ పొడుచుకోవాలో తెలుసా నీకు?"

"తెలుసు సార్..."

"అదీ పొడుచుకున్నాను! అన్నీ అయ్యాక వస్తే గడువంటావేంటి?"

"ఏడాది ఆగాలి, ఆగాక ఆరు నెలల్లో అడగాలి. ఆ ఆరు నెలలు ఇవాళ్టితో అయిపోతున్నాయి సార్."

"ముందొస్తే తొందర, తర్వాతొస్తే ఆలస్యం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో మేం ఎప్పుడు రావాలో మీకే తెలియాలి!"

"కొంచెం నెమ్మదిగా సార్. వెనక లైన్లో ఆడవాళ్లున్నారు."

"విననీ! జబ్బు నాకొచ్చింది, కోత నాకు పడింది, మధ్యలో సిగ్గు వాళ్లకెందుకు? ఏమే, నువ్వూ ఒక మాట అడగవే."

"నేనేం అడగను?"

"చూశావా, ఎలా ముడుచుకుపోతోందో. దానికీ బాధ ఉంటుందయ్యా. ఆడది, పైకి చెప్పుకోదు."

"నా బాధ సంగతి ఇక్కడెందుకండీ."

"నువ్వుండు. ఇంతకీ గడువు ఇవాళంతా ఉందిగా? ఉన్నప్పుడు రాసుకోవడానికి నీకేం అడ్డం?"

"గడువొక్కటే కాదు సార్. మా పై ఆఫీసు దీన్ని అందం కోసం చేయించుకునే ఆపరేషన్ల కింద వేసింది."

"అందమా! ఎవరికి చూపించుకోవడానికయ్యా అందం?"

"నేను అనలేదు సార్, వాళ్లన్నారు."

"మా చెల్లెలికి రొమ్ము క్యాన్సరొచ్చి తీసేస్తే, మళ్లీ కట్టడానికి మీరే ఇచ్చారుగా? ఇదే కౌంటర్లో. అది చికిత్స, నాది సోకా?"

"అది లిస్టులో ఉంది. పైగా మీ వయసులో..."

"వయసు మాటెత్తావంటే బాగుండదు! ఏటా ప్రీమియం పెంచేటప్పుడు అక్కరకొచ్చిన వయసు ఇప్పుడు అడ్డమొచ్చిందా? పొద్దున్న లేస్తే నా ఒంట్లో సగం చచ్చిపోయినట్టుంటుందయ్యా. అద్దంలో నా మొహం నేనే చూసుకోలేను. బతికావు చాల్లే అంటారు అందరూ. చాలదు! బతికినవాణ్ణి బతికినట్టు ఉండనివ్వరా?"

"ఏవండీ, మంచినీళ్లు తాగండి."

"నాకొద్దు."

"సార్, మినహాయింపు ఒకటుంది. క్యాన్సర్ ఆపరేషన్ వల్లే పోయిందని రుజువుంటే ఇచ్చేస్తాం."

"రుజువు కావాలా? ఇక్కడే చూపించమంటావా?"

"అయ్యయ్యో, వద్దు సార్! డాక్టరు రాస్తే చాలు. మీ డాక్టరే... అలా రాయలేదు."

"మరెలా రాశాడు?"

"వదిలేయండి సార్."

"ఎలా రాశాడయ్యా?"

"'ఆపరేషన్ తర్వాత కాపురంలో తేడా ఏమీ లేదని భార్య చెప్పారు' అని."

"ఏంటీ?"

"మీరు రక్తపరీక్షకి వెళ్లినప్పుడు అమ్మగారిని అడిగారట."

"ఏమే. నిజమేనా?"

"నిజమే."

"తేడా లేదన్నావా?"

"అడిగారు. చెప్పాను."

"సిగ్గేసిందా? నా పరువు పోతుందనుకున్నావా?"

"కాదు."

"మరెందుకు నా కొంపముంచావు?"

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్లేసరికి కౌంటరు మూసేస్తారు! ఇన్నాళ్లూ నేను వీళ్లమీద పడి అరుస్తుంటే, గొయ్యి నువ్వు తవ్వావా? అది కూడా నవ్వుతూ చెప్పుంటావు, పెద్ద ఇల్లాలిలా!"

"నవ్వలేదు."

"సార్, సార్, ఆగండి. అమ్మగారూ, ఇప్పటికీ దారుంది. ఆపరేషన్‌కి ముందు అంతా బాగుండేది, ఆ తర్వాతే పోయింది అని రాసి మీరు సంతకం చేయండి. ఇప్పుడే పైకి పంపేస్తాను. కాపురం చేసేవాళ్ల మాటని వాళ్లు కాదనరు."

"విన్నావా? నీ మాటకి అంత విలువుందట. పెన్ను పట్టుకో."

"పట్టుకోను."

"పట్టుకోవే!"

"చెయ్యి వదలండి."

"నా ఒక్కడి కోసమా ఇది? నీ కోసం కాదూ? మన కోసం కాదూ?"

"నా పేరు లాగకండి ఇందులోకి."

"లాగక? కట్టుకున్నదానివి నువ్వు!"

"కట్టుకున్నదాన్నే. క్యాన్సరని చెప్పిన రోజు మీరు ఒక్కసారి ఏడిస్తే నేను పదిసార్లు ఏడ్చాను. ఆసుపత్రిలో మీ మంచం కిందే పడుకున్నాను. మూత్రం సంచి నర్సు చేత కూడా మార్పించలేదు, నేనే మార్చాను. ఏ రోజైనా మొహం చిట్లించానా?"

"లేదు. లేదే, ఒప్పుకుంటున్నాను. అంత చేసిన చెయ్యి ఒక్క సంతకం చేయలేదా?"

"అబద్ధం కింద చేయదు."

"అబద్ధమేంటే! నాకు పోయింది నిజం కాదా?"

"మీకు పోయుండొచ్చు."

"పోయుండొచ్చా? వినవయ్యా, దీని తెలివి! భర్తకి లేదట, భార్యకి అనుమానమట!"

"అమ్మగారూ, పోనీ మీకు తెలిసినంతవరకే రాయండి."

"నాకు తెలిసినంతవరకే ఆ డాక్టరుగారికి చెప్పాను బాబూ."

"తేడా లేదనేనా? ఎలా లేదే? నలుగురూ విన్నా పర్లేదు, చెప్పు! ఎలా లేదు?"

"చెప్పమంటారా?"

"చెప్పమనే అంటున్నా!"

"ఆపరేషన్‌కి ఏడేళ్ల ముందు నుంచీ మీరు నా పక్కన పడుకున్నదే లేదు, తేడా నాకెలా తెలుస్తుంది? బాబూ, ఆ కాగితం ఈయన చేతికే ఇవ్వండి. తేడా తెలిసినావిడ చేత సంతకం పెట్టించుకొస్తారు."