ప్రెస్ పిడికి తగిలించిన కప్పు

ముందుగా ఈ కాగితం చదువుతున్న డ్వెయిన్ నన్ను క్షమించాలి. నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది, ఊరి బడి చదువు కాబట్టి తప్పులూ ఉంటాయి, సర్దుకుని చదువు. పని దిగి వెళ్ళేవాడు వీడ్కోలు మాటలు రాస్తే అతని చోటికి వచ్చేవాడు ఒక్క ముక్క వదలకుండా చదవడం మన తుపాకుల క్లబ్బు పద్ధతి. నాలాంటి నోరు లేనివాడి కోసమే పెట్టినట్టున్నారు.

సభకు అధ్యక్షురాలు లవర్న్ గారికి, పెద్దలకు, దుప్పి మాంసం కూర వండి తెచ్చిన డ్వెయిన్ వాళ్ళమ్మ ఇడా గారికి, ఆ కుండ వైపే చూస్తూ గోడకానుకున్న మిత్రులకు నమస్కారం. (ఇక్కడ నవ్వుతారు. ఆగు.)

నేను ఆర్లోని. మన క్లబ్బులో ఖాళీ గుల్లల్లో మందు పోసి, గుండు కూర్చి, మళ్ళీ తూటాలు చేసుకునే బల్ల ఇన్నాళ్ళూ నా చేతిలో ఉంది. గుల్ల అడుగున నొక్కే ప్రైమర్ బఠాణీ గింజంత ఉండదు గానీ నిప్పు పుట్టేది అందులోనే. రైఫిల్‌కి రైఫిల్ ప్రైమరే, పిస్తోలుకి పిస్తోలు ప్రైమరే. చిన్న సైజులో రెండూ ఒకే గుంటలో పడతాయి, చిక్కంతా అక్కడే. పిస్తోలుదాని రేకు పలచన, రైఫిల్ ఒత్తిడికి చిల్లు పడితే వేడి గాలి వెనక్కి, కంటి వైపు తంతుంది. రైఫిల్‌ది గట్టిది, పిస్తోలు దెబ్బకి ఒక్కోసారి పేలనే పేలదు. అందుకే సరైనది లేని రోజు నా కాఫీ కప్పు, బల్ల మీద తూటాలు నొక్కే ప్రెస్ పిడికి తగిలిస్తాను. కప్పు వేలాడితే ఆ రోజు పని లేదు.

పోయిన వసంతంలో రైఫిల్ ప్రైమర్లు ఎక్కడా దొరకలేదు. కప్పు వేలాడుతూనే ఉంది. ఏటి అవతలి క్లబ్బుతో పోటీ దగ్గరపడింది. డ్వెయిన్ వచ్చాడు.

"ముసలాయనా, ఆ కప్పు తీసెయ్. పిస్తోలువి అలమరా నిండా ఉన్నాయిగా!"

"అవి పిస్తోలువి."

"గుంటలో పడుతున్నాయా లేదా?"

"నీ పెట్రోలు బండిలో డీజిలూ పడుతుంది. పోసుకుంటావా?"

"నీ కప్పు మూలంగా పోటీ పోతుందయ్యా!"

"పోనీ."

(డ్వెయిన్, నీ మాటలు ఇంకాస్త గట్టిగా చదువు. ఆ రోజు అరిచావు.)

మిగిలిన పాత తూటాలతో సగం మందే వెళ్ళారు, ఓడిపోయారు. ఆ తర్వాత కమిటీ కూర్చుని, ఇకమీదట ప్రైమర్ మాట నియమం కాదు, సలహా అని తేల్చింది. నాకొక జ్ఞాపిక కూడా చేయించింది. లవర్న్ గారు ఎంతో మర్యాదగా, "విశ్రాంతి తీసుకోండి ఆర్లో గారూ, మీ చేతులు వణుకుతున్నాయి" అన్నారు. వణుకుతున్న మాట నిజమే. దిగిపోవడం న్యాయమే, అందుకే దిగిపోతున్నాను.

కానీ ఓడిపోయినందుకు క్షమాపణ చెప్పను. అలాంటి వసంతం మళ్ళీ వస్తే మళ్ళీ తగిలిస్తాను. ఇక్కడ ఎవరి కన్నూ పోలేదు కాబట్టి నాది చాదస్తమని మీరంటారు. ఎవరి కన్నూ పోలేదు, నేను చేసిన పనల్లా అదే. జ్ఞాపిక మీద చెక్కడానికి అందులో ఏముంటుంది? అది నాకొద్దు, మీరే గోడకి కొట్టుకోండి. (ఇక్కడ చప్పట్లు కొట్టరు. నీళ్ళు తాగు.)

ఇడా గారూ, మీవాడు బాగానే చదువుతున్నాడు. వాడి కళ్ళు అచ్చం మీవే.

ఇన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటూనే నా మాట విన్న అందరికీ నా కృతజ్ఞతలు.

డ్వెయిన్, నీ ముందు బల్ల మీద రుమాలు కప్పి ఉన్నది ఆ కప్పే. రేపటి నుంచి ప్రెస్ నీది. సరైనవి లేని రోజు, ఎవరెంత అరిచినా, దాన్ని తగిలిస్తావా? తగిలిస్తానంటే నీ దగ్గరే ఉంచుకో. లేదంటే నాకిచ్చెయ్, ఇంట్లో కాఫీకి పనికొస్తుంది. జవాబు ఉత్తరంలో వద్దు, ఇక్కడే, అందరూ వినేట్టు చెప్పు. త్వరగా చెప్పు, మీ అమ్మ చేసిన కూర చల్లారుతోంది. అది విన్నాకే నాకు సెలవు.